బొమ్మ లారీకి రెజిన్ చక్రాలు: కొలత, అచ్చు, ఖర్చు



ప్లాస్టిక్ కిట్లు కొని యుద్ధకాలపు మిలిటరీ లారీల నమూనాలు కట్టే అలవాటు ప్రపంచంలో చాలా దేశాల్లో ఉంది. మన దేశంలోనూ ఇప్పుడిప్పుడే పెరుగుతోంది. కిట్ పెట్టెలో చక్రాలు ఉండనే ఉంటాయి. అయినా కొందరు వాటిని పక్కన పెట్టి, వేరే చిన్న కంపెనీ రెజిన్‌తో పోసిన చక్రాల సెట్టును విడిగా కొని బిగిస్తారు. కొరియాలో డెఫ్ మోడల్, పోలెండులో పాంజర్ ఆర్ట్ వంటి సంస్థలు ఇటువంటి చక్రాలకే పేరు తెచ్చుకున్నాయి. అరచేతిలో పట్టే పది చక్రాలకు కిట్ ధరలో పెద్ద భాగమే అడుగుతారు.

"ఇంత చిన్న ముక్కలకు ఇంత డబ్బా?" అని ఎవరికైనా అనిపిస్తుంది. ఆ ప్రశ్నకు జవాబు వెతుకుతూ పోతే ఎనిమిదో తరగతి నిష్పత్తులు, పదో తరగతి పైథాగరస్ సిద్ధాంతం, డిప్లొమా వారి అచ్చుల పని, బి.కాం. వారి కాస్టింగు అన్నీ దారిలో తగులుతాయి. అందుకే ఈసారి పాఠానికి ఈ విషయం తీసుకున్నాను. నేను కామర్స్ వాడిని కనుక ఖర్చు దగ్గర కాస్త ఎక్కువసేపు ఆగుతాను, విద్యార్థులు ఓపిక పట్టాలి.

కొలత

మిలిటరీ నమూనాల్లో ఎక్కువగా కనిపించే స్కేలు 1/35. అంటే అసలు బండిలో 35 మి.మీ. ఉన్నది నమూనాలో 1 మి.మీ. అవుతుంది. ఈ 35 అనే అంకె ఎక్కడి నుంచి వచ్చిందా అని చాలామంది అడుగుతారు. జపానులోని షిజుఒకా నగరానికి చెందిన తమియా కంపెనీ 1960ల మొదట్లో పాంథర్ ట్యాంకు నమూనా తయారు చేసింది. లోపల మోటారూ బ్యాటరీలూ పట్టాలి గదా! అవి పట్టేలా ట్యాంకు పొట్ట గీసుకుని, తరువాత లెక్క చూసుకుంటే స్కేలు సుమారు 1/35 అని తేలింది. తక్కిన కంపెనీలూ అదే బాట పట్టాయి. ఏ గణిత సూత్రమూ లేదు, బ్యాటరీ సైజే మూలం.

ఇప్పుడు ఒక అసలు లారీని తీసుకుందాం. రెండో ప్రపంచ యుద్ధంలో అమెరికా వారి జి.ఎం.సి. రెండున్నర టన్నుల లారీ, సి.సి.కె.డబ్ల్యు. అని దాని పేరు. ఆ అక్షరాలు కంపెనీ వారి సంకేతాలు: మొదటి సి అంటే 1941 నాటి డిజైను, రెండో సి అంటే మామూలు క్యాబిన్, కె అంటే ముందు చక్రాలకు కూడా ఇంజను శక్తి అందుతుంది, డబ్ల్యు అంటే వెనుక రెండు యాక్సిళ్లు. ఈ లారీలు 5 లక్షలకు పైగా తయారయ్యాయి. ముందు రెండు టైర్లు, వెనుక జతలు జతలుగా ఎనిమిది, మొత్తం పది. స్టెప్నీ వేరు.

దాని టైరు మీద 7.50–20 అని ఉంటుంది. మొదటి అంకె టైరు వెడల్పు, 7.5 అంగుళాలు. రెండోది రిమ్ము వ్యాసం, 20 అంగుళాలు. ఆ కాలపు టైర్లలో గోడ ఎత్తు వెడల్పుకు దాదాపు సమానం. కనుక మొత్తం వ్యాసం సుమారు 20 + 7.5 + 7.5 = 35 అంగుళాలు. దాన్ని 35తో భాగిస్తే సరిగ్గా 1 అంగుళం, అంటే 25.4 మి.మీ. లెక్క ఇంత చక్కగా కుదరడం అరుదు! నిజానికి టైరు ఎత్తు వెడల్పు కంటే కాస్త ఎక్కువే ఉంటుంది కనుక అసలు వ్యాసం ఒక అంగుళం అటూ ఇటూ పెరుగుతుంది. మన పాఠానికి 25.4 చాలు. వెడల్పు 7.5 అంగుళాలంటే 190.5 మి.మీ., దాన్ని 35తో భాగిస్తే 5.44 మి.మీ.

ట్రెడ్డు గాడి లోతు అసలు టైరులో 14 మి.మీ. అనుకుంటే నమూనాలో 0.4 మి.మీ. మాత్రమే వస్తుంది. ఈ 0.4 గుర్తుంచుకోండి, ముందుకు పోయాక అవసరం పడుతుంది.

పొడవు 35 వంతుల్లో ఒక వంతైతే, ఉపరితలం 35 × 35 = 1,225లో ఒక వంతు, ఘనపరిమాణం 35 × 35 × 35 = 42,875లో ఒక వంతు అవుతాయి. పరీక్షల్లో చాలామంది పిల్లలు పొరబడేది ఇక్కడే. పొడవు సగమైతే బరువూ సగమే అవుతుందని రాసేస్తారు.

అసలు బండి సంగతి

చక్రం మీద ఇంత పట్టుదల ఎందుకో తెలియాలంటే యుద్ధంలో ఆ చక్రాలు పడ్డ పాట్లు తెలియాలి. 1942 తొలి నెలల్లో జపాను సేనలు మలయాను, డచ్చి వారి ఇండీసు దీవులను పట్టుకోవడంతో అమెరికాకు సహజ రబ్బరు దాదాపు పూర్తిగా ఆగిపోయింది. స్వదేశంలో కార్ల వారికి టైర్లు రేషన్ అయ్యాయి. రసాయనాలతో కృత్రిమ రబ్బరు తయారు చేసే కర్మాగారాలను హడావిడిగా కట్టుకున్నారు.

1944 ఆగస్టులో ఫ్రాన్సులో మిత్ర సేనలు రైలు మార్గాల కంటే వేగంగా ముందుకు పోయాయి. పట్టాలు మన విమానాలే ధ్వంసం చేశాయని వారే చెప్పుకున్నారు! పెట్రోలు, గుండ్లు, తిండి అన్నీ లారీల మీదే పోవాలి. ఆగస్టు 25న మొదలై నవంబరు 16న ముగిసిన ఆ రవాణాకు రెడ్ బాల్ ఎక్స్‌ప్రెస్ అని పేరు. రోడ్లను ఒకవైపు పోకకే కేటాయించి, రాత్రింబగళ్లు నడిపారు. ఆగస్టు 29న ఒక్కరోజే 5,958 వాహనాలు 12,342 టన్నుల సరకు మోశాయి. డ్రైవర్లలో సుమారు ముప్పాతిక వంతు నల్లజాతి అమెరికన్ సైనికులు. తమ సైన్యంలోనే వేరుగా ఉంచబడినవారు ఆ సైన్యాన్ని కదిలించారు. రెండున్నర టన్నుల బండి మీద అంతకు రెట్టింపు బరువు కూడా వేశారు. టైర్లు వేలల్లో పాడయ్యాయి. సైనికులు తిని పారేసిన రేకు డబ్బాలు కూడా రోడ్డు మీద టైర్లను చీల్చాయి.

ఆ టైరు ట్రెడ్డును గమనిస్తే రెండు పక్కలా అడ్డంగా దిమ్మెలు, ఎటు తిప్పి చూసినా ఒకేలా ఉంటాయి. మన వైపు ట్రాక్టరు టైరు అలా కాదు, దాని గీతలు బాణం గుర్తులా ఒకే దిశ చూపిస్తాయి. మిలిటరీ వారు దిశ లేని ట్రెడ్డు పెట్టడంలో పెద్ద తెలివి ఉంది: ఏ టైరు ఏ పక్కకైనా బిగించవచ్చు. స్టోరులో ఎడమ టైరు, కుడి టైరు అని రెండు ఖాతాలు అక్కరలేదు. రిమ్ము కూడా అంతే, ముందు చక్రానికి ఉబ్బెత్తు బయటికి, వెనుక జతలో ఉబ్బెత్తులు ఒకదానికొకటి ఎదురుగా. రిమ్ము ఒకటే, తిప్పి బిగిస్తారు. సరుకు నిల్వల పాఠం చదివే పిల్లలు దీన్ని ఉదాహరణగా రాస్తే ఏ లెక్చరరైనా మార్కులు వేస్తాడు.

కిట్ చక్రానికి వచ్చే చిక్కులు

కిట్లలో చక్రాలు రెండు రకాలుగా వస్తాయి. కొన్ని గట్టి పాలిస్టైరిన్‌తో రెండు సగాలుగా వస్తాయి, అంటించుకోవాలి. అప్పుడు సరిగ్గా ట్రెడ్డు నడినెత్తిన అతుకు గీత వస్తుంది. దాన్ని రుద్దబోతే 0.4 మి.మీ. లోతున్న గాళ్లు కూడా అరిగిపోతాయి. మరికొన్ని మెత్తటి వినైల్ టైర్లు. చూడడానికి రబ్బరులా బాగుంటాయి గానీ వాటి మీద రంగు నిలవదు, అతుకు గీతను రుద్దితే పీచులా లేస్తుంది. అంతకంటే పెద్ద తంటా ఒకటుంది. వినైల్‌ను మెత్తబరచడానికి కలిపే నూనె వంటి పదార్థం ఏళ్ల తరబడి మెల్లగా బయటికి వచ్చి, తాకిన పాలిస్టైరిన్‌ను కరిగిస్తుంది. బీరువాలో పెట్టిన లారీని పదేళ్ల తరువాత చూస్తే రిమ్ము మైనంలా జారి ఉంటుంది. వేడి ఎక్కువైతే ఇది ఇంకా త్వరగా జరుగుతుంది. మన ఎండల సంగతి చెప్పాలా? కిట్ కొన్నవారు వినైల్ టైర్లను మొదటి రోజే వేరే కవరులో వేసి ఉంచాలి.

మూడో చిక్కు బరువు. నిజమైన లారీ టైరు నేల తాకిన చోట చదునవుతుంది, పక్కలు కాస్త ఉబ్బుతాయి. కిట్ చక్రం మాత్రం కంపాసుతో గీసినట్టు గుండ్రంగా ఉంటుంది.

దీన్ని నాకంటే ముందు పట్టుకున్నది హోసూరులో మాకు తెలిసిన ఒక తండ్రి. టైరు రీట్రేడింగు షాపులో ఇరవై ఏళ్లుగా పని చేస్తున్నాడు. కొడుకు మెకానికల్ డిప్లొమా. ఆ అబ్బాయి బల్ల మీద పెట్టిన లారీ నమూనాను చూసి తండ్రి అన్న మొదటి మాట: "ఏమిరా, ఈ బండికి లోడూ లేదు, బరువూ లేదు. గాలిలో వేలాడతా ఉంది." ఆ పిల్లవాడు రెజిన్ చక్రాలు తెప్పించడానికీ, తరువాత తానే చక్రాలు పోసి అమ్మాలనుకోవడానికీ అదే మొదలు.

ఆ చదునును లెక్క కట్టడం తేలిక. బరువుకు అసలు టైరు ఒక అంగుళం కిందికి అణిగిందనుకుందాం. నమూనాలో అది 25.4 ÷ 35, అంటే సుమారు 0.7 మి.మీ. చక్రం వ్యాసార్ధం 12.7. ఇరుసు నుంచి నేలకు దూరం 12.7 – 0.7 = 12.0. ఇప్పుడు లంబకోణ త్రిభుజం గీయండి: కర్ణం 12.7, ఒక భుజం 12.0. 12.7 వర్గం 161.29, 12 వర్గం 144, తేడా 17.29, వర్గమూలం 4.16. దానికి రెట్టింపు 8.3 మి.మీ. చక్రం అడుగున అంత పొడవు చదునుగా ఉండాలి. అణగడం 0.7 మాత్రమే అయినా చదును 8 మి.మీ. దాటుతుంది. కంటికి లారీ బరువుగా కనిపించడం ఈ 8 మి.మీ. వల్లే.

ఇక్కడ బిగించేవారికి ఒక మాట. పది చక్రాల చదునూ ఒకే నేలను తాకాలి. ఒక్కటి పక్కకు తిరిగినా బండి కుంటుతున్నట్టుంటుంది. జిగురు ఆరకముందే అద్దం ముక్క మీద నిలబెట్టి చూసుకోవాలి. బండి ఏ నేల మీద ఉందో కూడా ఆలోచించాలి. ఇదే జి.ఎం.సి. లారీ భాగాలతో నీళ్లలో ఈదే డి.యు.కె.డబ్ల్యు. అనే బండి తయారైంది, అందరూ డక్ అంటారు. డ్రైవరు సీటులో కూర్చునే టైర్లలో గాలి తగ్గించే, పెంచే ఏర్పాటు దానిలో ఉంది. ఇసుక మీద గాలి తగ్గిస్తే టైరు బాగా పరుచుకుని దిగబడకుండా పోతుంది. ఇసుక తీరం మీద డక్ నమూనా పెట్టేవారు బాగా ఉబ్బిన చక్రాలు వెతుక్కునేది అందుకే.

అచ్చు: ఇడ్లీ రేకుకూ చెంబుకూ తేడా

ఇడ్లీ రేకు గుంట పైన వెడల్పు, అడుగున ఇరుకు. అందుకే ఇడ్లీ అవలీలగా ఊడి వస్తుంది. అదే ఇడ్లీ పిండిని చెంబులో పోసి ఉడికిస్తే? మూతి ఇరుకు, పొట్ట వెడల్పు, ముక్కలు చేస్తే తప్ప బయటికి రాదు. అచ్చుల పనిలో ఈ చెంబు పొట్ట వంటి భాగాన్ని అండర్‌కట్ అంటారు.

కిట్ ముక్కలు ఉక్కు అచ్చులో పోతాయి. కరిగిన ప్లాస్టిక్‌ను ఒత్తిడితో లోపలికి నెట్టి, చల్లారగానే రెండు ఉక్కు పలకలు విడిపోతాయి. ఉక్కు వంగదు గదా, కనుక అండర్‌కట్ ఉన్న ముక్క అందులో ఇరుక్కుపోతుంది. టైరు చుట్టూ గాళ్లు, పక్క గోడల మీద అక్షరాలు, రిమ్ము లోతు అన్నీ ఒకే ముక్కలో కావాలంటే రెండు పలకలు చాలవు. పక్కల నుంచి జరిగే మూడో, నాలుగో పలక పెట్టవచ్చు గానీ అచ్చు ఖర్చు పెరిగిపోతుంది. ఉక్కు అచ్చు అసలే లక్షల్లో పని. వేల కొద్దీ పెట్టెలు అమ్ముడుపోతేనే గిట్టుబాటు.

సిలికాన్ రబ్బరు అచ్చు వంగుతుంది, సాగుతుంది. కొంత అండర్‌కట్ ఉన్నా అచ్చును వెనక్కి మడిచి చక్రాన్ని బయటికి తీయవచ్చు. ముందు ఒక మాస్టరు చక్రాన్ని లేతు మీద తిప్పో, త్రీ-డి ప్రింటరు మీద తీసో తయారు చేస్తారు. దాన్ని పెట్టెలో నిలిపి ద్రవ సిలికాన్ పోస్తారు. గట్టిపడ్డాక మాస్టరును తీసేస్తే గుంట మిగులుతుంది. రెండు ద్రవాలు కలిపితే కొద్ది నిమిషాల్లో గట్టిపడే పాలీయురిథేన్ రెజిన్‌ను ఆ గుంటలో పోస్తారు.

ఇంట్లో దీన్ని పైసా ఖర్చు లేకుండా చూడవచ్చు. చపాతీ పిండి ముద్దలో ఒక గోళీని సగం వరకు నొక్కి తీయండి, గుంట శుభ్రంగా ఉంటుంది. ముప్పాతిక వంతు నొక్కి తీయండి, అంచు సాగి వస్తుంది. అదే పిండిని కాల్చి గట్టిపరిచాక గోళీని తీయాలంటే పగలగొట్టాలి. ఉక్కు, సిలికాన్ తేడా అదే. (పిండి పారేయకండి, అమ్మ ఊరుకోదు.)

రెజిన్‌కు శత్రువు గాలి బుడగ. ట్రెడ్డు మూలల్లో బుడగ నిలిస్తే అక్కడ పన్ను ఊడినట్టు ఖాళీ వస్తుంది. అందుకని కొందరు అచ్చును గాలి ఒత్తిడి పాత్రలో, అంటే ప్రెషర్ పాట్‌లో, పెడతారు. బాయిల్ సూత్రం ప్రకారం ఒత్తిడి 4 రెట్లయితే బుడగ ఘనపరిమాణం నాలుగో వంతవుతుంది. కానీ వ్యాసం నాలుగో వంతు కాదు! ఘనమూలం కనుక 0.63 వంతు వరకే తగ్గుతుంది. 1 మి.మీ. బుడగ 0.63 అవుతుంది, ఇంకా మన 0.4 గాడి కంటే పెద్దదే. సన్న బుడగలైతే ఒత్తిడికి రెజిన్‌లోనే కరిగిపోతాయి. కాబట్టి పెద్ద బుడగను పోసేటప్పుడే సన్నటి ధారగా పోసి తప్పించాలి, చిన్నవాటిని పాట్ చూసుకుంటుంది. ఇంకొక కిటుకు: రెజిన్‌ను ఒత్తిడిలో పోయాలనుకుంటే సిలికాన్ అచ్చును కూడా ఒత్తిడిలోనే తయారు చేసి ఉండాలి. లేకపోతే సిలికాన్‌లో దాగిన బుడగలు నలిగి, చక్రం మీద మొటిమలు తేలతాయి.

నకలుకు నకలు తీస్తే

రెజిన్ గట్టిపడేటప్పుడు కొద్దిగా కుదించుకుపోతుంది. అర శాతం అనుకుందాం. 25.4 మి.మీ. మాస్టరు నుంచి వచ్చే చక్రం 25.27. ఎవరైనా ఈ చక్రాన్ని కొని, దానిమీద అచ్చు తీసి పోస్తే 25.15. ఆ నకలుకు మళ్లీ నకలు తీస్తే 25.02. మూడు తరాల్లో 0.38 మి.మీ. పోయింది, దాదాపు ఒక గాడి లోతంత. తరుగుదల లెక్కల్లో మనం చదువుకునే తగ్గుతున్న నిల్వల పద్ధతి ఇదే: ప్రతిసారీ మిగిలినదానిమీదే శాతం. అంచులు కూడా ప్రతిసారీ మొద్దుబారతాయి.

ఇలా ఒకరు శ్రమపడి చేసిన మాస్టరును దొంగచాటుగా నకలు తీసి చౌకగా అమ్మేవారు ఉన్నారు. నా అభిప్రాయం దాచను: పాఠ్యపుస్తకం మొత్తం జిరాక్సు తీసి అమ్మడం ఎటువంటిదో ఇదీ అటువంటిదే. తెలివైన తయారీదారు మాస్టరును ముందే అర శాతం పెద్దదిగా చేస్తాడు: 25.4 ÷ 0.995 = 25.53. అప్పుడు పోత సరైన కొలతకు దిగుతుంది. నకలు తీసేవాడికి ఆ వీలు లేదు.

ఖర్చు లెక్క

ఇక నా విషయానికి వస్తాను. ఆ హోసూరు అబ్బాయి ప్రెషర్ పాట్, కంప్రెసరు కొనడానికి తండ్రిని 20,000 రూపాయలు అడిగాడు. తండ్రికి కోపమూ లేదు, నమ్మకమూ లేదు. "సార్, మీరు బ్యాంకులో చేసినారు గదా, వీని లెక్క నిజమా కాదా చూడండి" అని ఇద్దరూ వచ్చారు. అబ్బాయి కాగితం మీద రాసి తెచ్చిన అంకెలే ఇక్కడ వాడుతున్నాను. మీ ఊళ్లో ధరలు వేరుగా ఉండవచ్చు, పద్ధతి మాత్రం మారదు.

మాస్టరు తయారీకి 15,000. ఇది స్థిర వ్యయం, ఒక సెట్టు అమ్మినా వెయ్యి అమ్మినా అంతే. ఒక సిలికాన్ అచ్చుకు 1,500, అది 25 పోతలు వచ్చి చిరుగుతుంది, కనుక సెట్టుకు 60. రెజిన్ ఎంత? ఒక చక్రం ఘనపరిమాణం సుమారు 2.7 ఘన సెం.మీ., పదింటికి 27, బరువు 30 గ్రాముల లోపు. పోసే ముక్కుల వృథాతో 40 గ్రాములు. కిలో 900 చొప్పున 36. చేతిపని 20 నిమిషాలు, గంటకు 150 చొప్పున 50. పెట్టె, కాగితం 24. మొత్తం 170.

అబ్బాయి కాగితంలో చేతిపని గడి ఖాళీగా ఉంది. "నేనే చేస్తాను గదా, దానికి ఖర్చేముంది సార్?" అన్నాడు. తండ్రి నా వైపు చూసి నవ్వాడు. ఇరవై ఏళ్లు కూలికి పనిచేసిన మనిషికి ఆ గడిలో ఏమి రాయాలో తెలుసు. సొంత వ్యాపారం పెట్టిన మన వాళ్లలో చాలామంది చితికిపోయింది ఆ ఒక్క గడి ఖాళీగా వదలడం వల్లే. మీ శ్రమకు మీరే ధర కట్టకపోతే కొనేవాడు కట్టడు.

పోసిన ప్రతి పది సెట్లలో రెండు బుడగల వల్ల పాడవుతాయని అబ్బాయే ఒప్పుకున్నాడు. ప్రక్రియా వ్యయ పద్ధతిలో దీన్ని సాధారణ నష్టం అంటారు. ఆ ఖర్చును మంచి సెట్లే మోయాలి. పెట్టె ఖర్చు పాడైనవాటికి ఉండదు కనుక దాన్ని వేరుచేసి, తక్కిన 146ను 0.8తో భాగించాలి: 182.50. దానికి 24 కలిపితే 206.50. ఇదీ ఒక మంచి సెట్టు అసలు చర వ్యయం. చాలామంది 170కి ఇరవై శాతం కలిపి 204 అని వేస్తారు, అది తప్పు. నూటికి ఎనభై మిగిలితే భాగించాలి గానీ ఇరవై కలపకూడదు.

అమ్మకం ధర 600 అనుకుంటే, దుకాణదారుకు 40 శాతం పోగా చేతికి వచ్చేది 360. కంట్రిబ్యూషన్ 360 – 206.50 = 153.50. మాస్టరు ఖర్చు 15,000ను దీనితో భాగిస్తే 97.7. అంటే 98 సెట్లు అమ్మేవరకు ఒక్క రూపాయి లాభం లేదు. ఇదే బ్రేక్ ఈవెన్, లాభనష్ట రహిత స్థానం. 98 మంచి సెట్లకు 123 పోతలు పోయాలి, అంటే 5 అచ్చులు. దుకాణం లేకుండా నేరుగా అమ్మితే కంట్రిబ్యూషన్ 393.50, అప్పుడు 39 సెట్లకే ఒడ్డున పడతాడు. కానీ నేరుగా అమ్మడమంటే పోస్టు ఖర్చు, జవాబులు రాయడం, విరిగినవి మార్చి ఇవ్వడం. దుకాణదారు 40 శాతం ఊరికే తినడం లేదని పిల్లలు తెలుసుకోవాలి.

ఇప్పుడు 20,000 రూపాయల ప్రెషర్ పాట్ ప్రశ్న. దానివల్ల పాడైనవి 20 శాతం నుంచి 5 శాతానికి తగ్గుతాయనుకుందాం. 146 ÷ 0.95 = 153.68, దానికి 24 కలిపితే 177.68. సెట్టుకు ఆదా 28.82. 20,000 తిరిగి రావాలంటే 694 సెట్లు అమ్మాలి. ఏడాదికి వంద సెట్లు పోతాయో లేదో తెలియని కుర్రవాడికి అది ఏడేళ్ల మాట. ఈ లోపల మార్కెట్టు అక్కడే నిలబడి ఉంటుందా? 2020 తరువాత చిన్న త్రీ-డి ప్రింటర్లు చౌకై, పోతతో పనిలేకుండా నేరుగా చక్రాలను ప్రింటు చేసి అమ్మేవారు పెరుగుతున్నారు. ఒక్కొక్క పొర 0.05 మి.మీ. మందమే కనుక 0.4 గాడిలో ఎనిమిది పొరలు పడతాయి. అచ్చు లేదు, అచ్చు అరుగుదలా లేదు. కాబట్టి ఏడేళ్లకు తీరే అప్పు ఈ వ్యాపారంలో పెట్టకూడదని చెప్పాను. అబ్బాయి ముఖం చిన్నబోయింది. తండ్రి మాత్రం మాస్టరు పనికీ, సిలికాన్‌కూ 6,000 తన జేబులోంచి ఇస్తానన్నాడు. మిగతాది ఎలా సర్దుకుంటాడో వాడి తెలివి. తన షాపులో అరిగిన టైర్లు ఎన్ని కావాలన్నా కొలుచుకోమన్నాడు.

ఆరోగ్యం

తల్లిదండ్రులు ఈ భాగం తప్పక చదవాలి. గట్టిపడిన రెజిన్ చక్రం చేతితో పట్టుకుంటే ఏమీ కాదు. కానీ దాన్ని కోసినా రుద్దినా వచ్చే సన్న పొడి ఊపిరితిత్తులకు చెడుపు. ముఖానికి మంచి మాస్కు కట్టి, ఇసుక కాగితాన్ని నీళ్లలో తడిపి రుద్దాలి. అప్పుడు పొడి లేవదు. పోయడానికి వాడే ద్రవాల్లో ఒక దానిలో ఐసోసయనేట్లు ఉంటాయి. వాటి ఆవిరి కొందరికి ఆస్తమా తెస్తుంది, ఒకసారి శరీరానికి పడకుండా పోతే తరువాత కొద్దిపాటి ఆవిరికి కూడా ఇబ్బంది పెడుతుంది. త్రీ-డి ప్రింటరు ద్రవం కూడా గట్టిపడక ముందు చర్మానికి పడదు, గ్లవ్సు లేనిదే తాకకూడదు. వంటింట్లో, పడకగదిలో ఈ పనులు వద్దే వద్దు. ఇంట్లో ఉబ్బసం ఉన్నవారుంటే పోత పని అసలు పెట్టుకోకండి, తయారైన చక్రాలు కొనుక్కోండి.

బిగించేటప్పుడు: రెజిన్ మీద అచ్చు నుంచి వచ్చిన జిడ్డు ఉంటుంది, సబ్బు నీళ్లతో కడగాలి. కిట్ జిగురు దీనికి పనికిరాదు. ఆ జిగురు పాలిస్టైరిన్‌ను కరిగించి అతికిస్తుంది, పాలీయురిథేన్ దానికి కరగదు. సయనోఅక్రిలేట్ జిగురు గానీ, ఎపాక్సీ గానీ వాడాలి. రంగు వేసేటప్పుడు నిగనిగలాడే నలుపు వద్దు. దుమ్ము పట్టిన టైరు ముదురు బూడిద రంగులో ఉంటుంది. నమ్మకం లేకపోతే వీధిలో ఆగిన ఏ లారీనైనా చూడండి.

ఈ పని మీద మనసు పోయిన పిల్లలకు

స్కాలర్‌షిప్పు డబ్బుతో కిట్లు కొనమని నేను చెప్పను. ఫీజుకూ పుస్తకాలకూ ఇచ్చిన డబ్బు అది. కానీ కొలవడం, అచ్చు ఆలోచించడం ఇష్టమైన పిల్లలకు పదో తరగతి తరువాతే మంచి చదువులున్నాయని మన తల్లిదండ్రులకు తెలియదు. ఇంజనీరింగు సీటు రాకపోతే బతుకు పోయిందనుకుంటారు. టూల్ అండ్ డై డిప్లొమా చేసినవారికి కర్మాగారాల్లో మంచి గిరాకీ ఉంది. కర్ణాటక వారికి ప్రభుత్వ టూల్ రూమ్ శిక్షణ కేంద్రాలు, ఒడిశా వారికి భువనేశ్వర్‌లోని సెంట్రల్ టూల్ రూమ్, మహారాష్ట్ర వారికి ఔరంగాబాదులో, అంటే 2023 నుంచి ఛత్రపతి సంభాజీనగర్ అంటున్న ఊళ్లో, ఇండో-జర్మన్ టూల్ రూమ్ ఉన్నాయి. ప్లాస్టిక్ అచ్చుల చదువుకు చెన్నై గిండీలోని సిపెట్ ఉంది. విజయవాడ దగ్గర కూడా దాని శాఖ ఉంది, యానాం వారికి అది అనుకూలం. హైదరాబాదు బాలానగర్‌లో 1968లో మొదలైన సెంట్రల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ టూల్ డిజైన్ ఈ రంగంలో పాతది, పేరున్నది. ప్రవేశ తేదీలు, ఫీజులు ఏటా మారతాయి, ఆ సంస్థల వద్దనే కనుక్కోవాలి.

అభ్యాసం

ఒకటి: డక్ బండి టైరు 11.00–18. పైన చెప్పిన పద్ధతిలో 1/35 చక్రం వ్యాసం, వెడల్పు కనుక్కోండి. రెండు: 7.50–20 చక్రం 1/72 స్కేలులో ఎంత వ్యాసం ఉంటుంది? మూడు, కామర్స్ వారికి: ప్రెషర్ పాట్ లేకుండా, కేవలం జాగ్రత్తగా పోయడం వల్ల పాడైనవి 20 నుంచి 10 శాతానికి తగ్గాయనుకోండి. దుకాణం ద్వారా అమ్మితే బ్రేక్ ఈవెన్ ఎన్ని సెట్లు?

జవాబులు: మొదటిది 29.03 మి.మీ., 7.98 మి.మీ. రెండోది 12.35 మి.మీ. మూడోది 87 సెట్లు. మూడో దానిలో 86 వచ్చినవారు చివరి భిన్నాన్ని వదిలేశారు. 86 సెట్లకు ఇంకా కొద్దిగా నష్టంలోనే ఉంటారు.